మదీనా నుంచి బద్ర్‌కు: ఒక పూట జియారత్‌కు బయల్దేరే ముందు తెలుసుకోవాల్సినవి

హైదరాబాద్ పాతబస్తీ నుంచి ఉమ్రాకు వెళ్లే కుటుంబాలకు ట్రావెల్స్ వాళ్లు ఇచ్చే ప్రోగ్రాం కాగితంలో, మదీనా దగ్గరకు వచ్చేసరికి సాధారణంగా రెండు లైన్లు కనిపిస్తాయి. ఒకటి ‘లోకల్ జియారత్’. అంటే ఖుబా మస్జిద్, ఖిబ్లతైన్ మస్జిద్, ఉహుద్, ఖందక్ ప్రాంతం. ఇవన్నీ మదీనా నగరంలోనే ఉంటాయి. రెండోది ‘బద్ర్ జియారత్’. దీనికి చాలాసార్లు విడిగా డబ్బు కట్టాలి. ఇంట్లో ప్రశ్నలు ఇక్కడే మొదలవుతాయి. ఎంత దూరం? అమ్మీ మోకాళ్లు తట్టుకుంటాయా? వెళ్లకపోతే ఉమ్రాలో ఏమైనా లోటు పడుతుందా?

ముందుగా చెప్పాల్సింది ఒకటే. బద్ర్‌కు వెళ్లడం ఉమ్రాలో భాగం కాదు. వెళ్లకపోయినా ఉమ్రాకు ఏ లోటూ రాదు. అయితే అక్కడ ఏం జరిగిందో తెలుసుకుని వెళ్లినవాళ్లకు ఆ ఎడారి ఊరు గుర్తుండిపోతుంది. ఏమీ అడక్కుండా బండెక్కితేనే ఇబ్బంది. ఇహ్రామ్ విషయంలో పొరపాటు జరగొచ్చు, రౌజా టైము చేజారొచ్చు, పెద్దవాళ్లు ఎండకు పడిపోవచ్చు.

బద్ర్ ఎక్కడ ఉంది

బద్ర్ మదీనాకు నైరుతి దిక్కున, రోడ్డు మార్గంలో సుమారు 150 కిలోమీటర్ల దూరంలో ఉంది. పాత రోజుల్లో మక్కా, మదీనా, షామ్ (సిరియా) వైపు వెళ్లే ఒంటెల బిడారులు ఆగే నీటి మజిలీ ఇది. ఇప్పుడు ఇళ్లు, బడులు, దుకాణాలు ఉన్న మామూలు పట్టణం. చుట్టూ రాతి కొండలు, మధ్యలో ఇసుక మేటలు. హైవే బాగుంటుంది కాబట్టి ఒకవైపు ప్రయాణానికి గంటన్నర నుంచి రెండు గంటలు పడుతుంది. దారిలో ఆగడం, చూడడం, తిరిగి రావడం అన్నీ కలిపి ఐదారు గంటల పని. ఉమ్రా వీసా మీద వెళ్లినవాళ్లు సౌదీలోని ఇతర ఊళ్లకూ వెళ్లవచ్చు కాబట్టి, దీనికి వేరే వీసా అక్కర్లేదు.

అక్కడ ఏం జరిగింది

హిజ్రీ 2వ సంవత్సరం రంజాన్ 17న, అంటే క్రీ.శ. 624 మార్చిలో, ఇక్కడే గజ్వయె బద్ర్ జరిగింది. దైవప్రవక్త ముహమ్మద్ (స) వెంట ఉన్న సహాబాలు సుమారు 313 మంది. మక్కా ఖురైషుల సైన్యం దాదాపు వెయ్యి. ముస్లింల దగ్గర ఉన్నవి రెండు గుర్రాలు, 70 ఒంటెలు. ఒక్కో ఒంటెను ఇద్దరు ముగ్గురు వంతులేసుకుని ఎక్కేవారు. ప్రవక్త (స) కూడా అలాగే తన వంతు వచ్చినప్పుడు నడిచారని సీరత్ గ్రంథాలు చెబుతాయి. మీ బదులు మేం నడుస్తామని తోటివాళ్లు అన్నా ఆయన ఒప్పుకోలేదు. ఈ రోజు ఏసీ బస్సులో రెండు గంటల్లో దాటే దూరం అదే.

బద్ర్ చేరాక సైన్యం మొదట ఒక చోట దిగింది. హుబాబ్ బిన్ ముంజిర్ (రజి) అనే అన్సారీ సహాబీ, ఇది అల్లాహ్ ఆదేశించిన చోటా, లేక యుద్ధ వ్యూహమా అని అడిగారు. వ్యూహమేనని తెలిశాక, శత్రువుకు దగ్గరగా ఉన్న బావి దాకా వెళ్లి నీటిని మన చేతిలో ఉంచుకుందామని సలహా ఇచ్చారు. ప్రవక్త (స) ఆ సలహా తీసుకున్నారు. ఎడారి యుద్ధంలో నీళ్లు ఎవరి చేతిలో ఉంటే వాళ్లదే పైచేయి. ముందురోజు రాత్రి కురిసిన వాన గురించి సూరె అన్‌ఫాల్ 11వ ఆయత్‌లో ఉంది. ఆ వానకు ఇసుక గట్టిపడి అడుగు నిలిచింది. బద్ర్ పేరు నేరుగా వచ్చేది సూరె ఆలి ఇమ్రాన్ 123వ ఆయత్‌లో.

యుద్ధంలో ఖురైషుల వైపు 70 మంది చనిపోయారు, 70 మంది బందీలయ్యారు. డబ్బు కట్టలేని బందీల్లో చదువు వచ్చినవాళ్లకు, మదీనాలో పదేసి మంది పిల్లలకు చదవడం, రాయడం నేర్పితే విడుదల అని షరతు పెట్టారు. పిల్లల్ని వెంట తీసుకెళ్లే తల్లిదండ్రులు దారిలో చెప్పదగ్గ మాట ఇది.

దారిలో, ఊళ్లో చూసేవి

బీర్ రౌహా: మదీనా నుంచి సుమారు సగం దూరంలో ఉన్న పాత బావి. బద్ర్‌కు వెళ్తూ ప్రవక్త (స) ఆగిన మజిలీల్లో రౌహా ఒకటి. చాలా బండ్లు ఇక్కడ కాసేపు ఆగుతాయి.

షుహదాల ఖబ్రస్తాన్: బద్ర్‌లో 14 మంది సహాబాలు షహీదయ్యారు. ఆరుగురు ముహాజిర్లు, ఎనిమిది మంది అన్సార్లు. వాళ్ల పేర్లు రాసిన ఫలకం ఊళ్లో ఉంది. అందులో ఉమైర్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) ఒకరు. వయసు పదహారేళ్ల లోపేనని చెబుతారు. చిన్నవాడని వెనక్కి పంపబోతే ఏడ్చాడని, అందుకే అనుమతి దొరికిందని సీరత్‌లో ఉంది. హారిసా బిన్ సురాఖా (రజి) ఇంకొకరు. ఎక్కడి నుంచో వచ్చిన బాణం తగిలి ప్రాణం పోయింది. ఆయన తల్లి వచ్చి తన కొడుకు జన్నత్‌లో ఉన్నాడా అని అడిగితే, ఫిర్దౌస్‌లో ఉన్నాడని ప్రవక్త (స) చెప్పిన హదీసు సహీహ్ బుఖారీలో ఉంది. ఉబైదా బిన్ హారిస్ (రజి) మాత్రం ద్వంద్వ యుద్ధంలో కాలు తెగి, తిరుగు ప్రయాణంలో సఫ్రా దగ్గర కన్నుమూశారు.

మస్జిదె అరీష్: అరీష్ అంటే పందిరి. సాద్ బిన్ ముఆజ్ (రజి) సలహా మీద ప్రవక్త (స) కోసం పందిరి వేసిన చోట ఈ మస్జిద్ ఉందని చెబుతారు. ఆ రాత్రి ఆయన దువాలో గడిపారు. ఇప్పుడున్నది కొత్త కట్టడం. ఇక్కడ నమాజు చేసుకోవచ్చు.

జబలె మలాయికా: ఊరి పక్కన ఎత్తైన ఇసుక కొండ. యుద్ధంలో దైవదూతల సాయం వచ్చిందన్న ఖుర్ఆన్ మాటను స్థానికులు ఈ పేరుతో గుర్తు చేసుకుంటారు. పిల్లలు ఎక్కుతామంటారు. పొద్దున్నే అయితే ఫరవాలేదు కానీ, ఎండెక్కాక ఆ ఇసుకలో చెప్పుల్లేకుండా కాలు పెట్టలేరు. తబర్రుక్ అంటూ ఇసుకను సీసాల్లో నింపి తెచ్చుకోవాల్సిన పని లేదు.

ఖబ్రస్తాన్ దగ్గర అదబ్

మన దగ్గర దర్గాల్లో కనిపించే చాదర్, పూలు, ఊదుబత్తి అక్కడ ఉండవు. సౌదీలో వాటిని అనుమతించరు. ఖబ్రస్తాన్ చుట్టూ గోడ ఉంటుంది. ఆడవాళ్లు బయటే నిలబడి సలాం చెప్పి దువా చేసుకుంటారు. ఏది ఎవరి ఖబర్ అని వెతుక్కోవడం కుదరదు. గొంతు పెంచి గుంపుగా పాడడం, వీడియో తీస్తూ తోసుకోవడం మంచిది కాదు.

ఇహ్రామ్: మొదట అడగాల్సిన ప్రశ్న

ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. బద్ర్‌కు వెళ్లి తిరిగి మదీనాకే వచ్చేస్తే ఇహ్రామ్ అవసరం లేదు. కానీ కొన్ని ప్యాకేజీల్లో మదీనా హోటల్ ఖాళీ చేసి, బద్ర్ చూపించి, అటు నుంచి అటే మక్కాకు తీసుకెళ్తారు. అప్పుడు లెక్క మారిపోతుంది. మదీనా వైపు నుంచి ఉమ్రాకు వెళ్లేవాళ్ల మీఖాత్ జుల్ హులైఫా. దీన్నే అబ్యారె అలీ అంటారు. ఇది మదీనా అంచునే ఉంది, బద్ర్ దీన్ని దాటాక వస్తుంది. ఉమ్రా నియ్యత్‌తో మక్కాకు వెళ్తున్నవాళ్లు అబ్యారె అలీలోనే ఇహ్రామ్ కట్టుకుని, ఆ స్థితిలోనే బద్ర్ చూసి ముందుకు సాగడం అన్ని విధాలా సురక్షితం. అత్తరు, సువాసన సబ్బు లాంటి నిషేధాలన్నీ అప్పటి నుంచే వర్తిస్తాయి. హైజ్‌లో ఉన్న ఆడవాళ్లు కూడా మీఖాత్ దగ్గర నియ్యత్ చేసుకోవాలి, తవాఫ్ మాత్రం పాక్ అయ్యాకే.

మీఖాత్ దాటేశాక గుర్తొస్తే ఏం చేయాలన్నది మస్లక్‌ను బట్టి మారుతుంది, దమ్ పడే సందర్భాలూ ఉన్నాయి. బయల్దేరే ముందే తమ మస్జిద్ ఇమామ్ సాబ్‌నో, తెలిసిన ఆలిమ్‌నో అడిగి పెట్టుకోవడం మేలు.

నమాజులు, రౌజా టైము

మస్జిదె నబవిలో వరుసగా 40 నమాజులు పూర్తి చేయాలని మన కుటుంబాల్లో చాలామంది లెక్క పెట్టుకుంటారు. ఆ హదీసు బలం మీద పండితుల్లో భేదాభిప్రాయం ఉంది. అయినా ఆ లెక్క తప్పకూడదనుకునేవాళ్లు ఫజర్ అయిన వెంటనే బయల్దేరి, జుహర్‌కు తిరిగొచ్చే ట్రిప్పే ఎంచుకోవాలి. మధ్యాహ్నం బయల్దేరే బస్సులో అసర్, మగ్రిబ్ రెండూ పోతాయి.

బద్ర్ దూరం ప్రయాణ పరిమితికి మించినది కాబట్టి అక్కడ ఖస్ర్ వర్తిస్తుంది. రెండు నమాజులు కలిపి చేసుకోవడం హనఫీలకు ఉండదు. బార్కస్ వైపు ఎక్కువగా ఉండే షాఫయీ కుటుంబాలకు ప్రయాణంలో ఆ వీలుంది.

రియాజుల్ జన్నాలో నమాజు చేయడానికి నుసుక్ యాప్‌లో పర్మిట్ తీసుకోవాలి. అది సాధారణంగా 365 రోజులకు ఒకసారే దొరుకుతుందని సౌదీ 2023 చివర్లో ప్రకటించింది. మగవాళ్లకు, ఆడవాళ్లకు టైములు వేరు. ఇంట్లో అందరి పర్మిట్లూ చూసుకున్నాకే బద్ర్ రోజు ఖాయం చేసుకోవాలి. బద్ర్‌కు ఇంకో రోజు వెళ్లొచ్చు, రౌజా టైము పోతే మళ్లీ దొరకడం కష్టం.

‘వాదీ-ఎ-జిన్’ సంగతి

బద్ర్‌తో పాటు వాదీ-ఎ-జిన్ కూడా చూపిస్తామని కొందరు డ్రైవర్లు చెబుతారు. ఈ రెండూ ఒకే దారిలో లేవు. వాదీ-ఎ-జిన్‌గా పేరుపడిన వాదీ బైజా మదీనాకు వాయవ్యంగా, 35–40 కిలోమీటర్ల దూరంలో ఉంది. న్యూట్రల్‌లో పెట్టిన బండి అక్కడ ఎత్తు మీదకు దానంతటదే పోతున్నట్టు కనిపిస్తుంది. చుట్టూ ఉన్న కొండల వాలు వల్ల పల్లపు రోడ్డు కంటికి ఎత్తుగా తోస్తుంది, అంతే. మన దేశంలో లేహ్ దగ్గర ఉన్న మ్యాగ్నెటిక్ హిల్ కూడా ఇలాంటిదే. సరదాగా చూసి రావడంలో తప్పు లేదు. జియారత్ పేరు చెప్పి డబ్బు అడిగితే మాత్రం ఒప్పుకోనక్కర్లేదు.

బండి, డ్రైవరు, ఎండ

2025 నవంబర్‌లో మక్కా నుంచి మదీనాకు వస్తున్న బస్సు రాత్రివేళ ట్యాంకర్‌ను ఢీకొని మంటల్లో చిక్కుకుంది. హైదరాబాద్ నుంచి వెళ్లిన 40 మందికి పైగా ఉమ్రా యాత్రికులు చనిపోయారు. ఒకే ఇంట్లో మూడు తరాల వాళ్లు పోయిన దుఃఖం నగరం చూసింది. ప్రమాదం ఎవరి చేతిలోనూ ఉండదు. జాగ్రత్త మన చేతిలో ఉంటుంది. పగటిపూట ప్రయాణం ఎంచుకోవాలి. రాత్రంతా బండి నడిపిన డ్రైవర్‌నే పొద్దున పంపిస్తున్నారేమో అడగాలి. సీటు బెల్టు పెట్టుకోవాలి. ఎమర్జెన్సీ డోరు, అద్దం పగలగొట్టే సుత్తి ఎక్కడున్నాయో ఎక్కగానే చూసుకోవాలి.

మే నుంచి సెప్టెంబర్ దాకా ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. షుగరు, బీపీ ఉన్నవాళ్లు మాత్రలు సూట్‌కేసులో కాకుండా చేతిసంచిలో పెట్టుకోవాలి. మనిషికి కనీసం లీటరు నీళ్లు, గొడుగు, మూసిన చెప్పులు, కాస్త ఖర్జూరం ఉంటే చాలు. పాస్‌పోర్ట్ కాపీ, హోటల్ కార్డు ప్రతి ఒక్కరి దగ్గరా విడివిడిగా ఉండాలి. దాదీ, నానీలకు ఓపిక లేకపోతే బలవంతం చేయొద్దు. వాళ్లను మస్జిదె నబవి దగ్గరే ఇంకొకరి తోడుతో ఉంచితే ఆ పూట వాళ్లకూ నష్టం లేదు.

డబ్బు కట్టే ముందు

ఈ ఏడు విషయాలు అడిగి, జవాబులు వాట్సాప్‌లోనైనా రాయించుకోవాలి:

1. బద్ర్ ప్యాకేజీలో ఉందా, విడిగా కట్టాలా?
2. రేటు మనిషికా, బండికా?
3. తిరిగి మదీనాకే వస్తారా, మక్కాకు తీసుకెళ్తారా? మక్కాకైతే అబ్యారె అలీలో ఎంతసేపు ఆపుతారు?
4. ఎన్నింటికి బయల్దేరి ఎన్నింటికి తిరిగొస్తారు?
5. ఏయే చోట్ల ఆపుతారు, ఒక్కో చోట ఎంతసేపు?
6. చరిత్ర తెలిసిన గైడ్ వస్తాడా, డ్రైవర్ ఒక్కడేనా?
7. వెళ్లలేకపోతే డబ్బు వాపస్ ఇస్తారా?

గైడ్ లేకపోతే, బయల్దేరే ముందురోజు రాత్రి హోటల్ గదిలో ఇంట్లో ఒకరు సూరె అన్‌ఫాల్ తర్జుమా చదివి వినిపిస్తే సరిపోతుంది. పొద్దున ఆ ఫలకం మీద 14 పేర్లు చూసినప్పుడు, వాళ్లు ఎవరో పిల్లలకు అప్పటికే తెలిసి ఉంటుంది.