తుపాకి గొట్టమును తుడిచిన త్రాడు

యుద్ధచరిత్రలు వ్రాయువారు సేనానుల పేర్లను, కోటల పేర్లను విరివిగా పేర్కొందురు. తుపాకి గొట్టమును తుడిచిన గుడ్డపేలికను తలచువారు అరుదు. కాని గొట్టములోని త్రుప్పు గురిని చెరచును; గురి చెడిన తుపాకి పట్టినవాని ప్రాణమునకే ముప్పు. కావున గొట్టమును శుభ్రపరచు పనిముట్ల కథను నేడు మీకు మనవి చేయుచున్నాను.

19వ శతాబ్దము చివరిభాగము వరకును తుపాకిమందనగా పెట్లుప్పు, గంధకము, బొగ్గుల మిశ్రమమే. అది కాలినపుడు సగమునకు పైగా ఘనపదార్థమగును. అందు కొంత పొగతో వెడలిపోవును. తక్కినది గొట్టమునకు అంటుకొని, గాలిలోని తేమను పీల్చి, త్రుప్పు పట్టించును. రైఫిల్ గొట్టములో గుండును త్రిప్పుటకై మెలితిరిగిన గాడులుండును గనుక మసి అందు మరింత నిలుచును. 1853 నాటి ఎన్‌ఫీల్డు తుపాకిలో మందు దట్టించు కడ్డి కొననే గుడ్డ దూర్చుటకు చీలిక యుండెను. ఆ గుడ్డయు, నీరును చాలియుండెను. కాని కడ్డి మూతి యంచునకు మాటిమాటికి ఒరసికొనిన, అచ్చట అరుగుదల కలుగును. గుండు తుదిసారి విడుచునది ఆ యంచునే. అది ఒకవైపు అరిగెనా, గుండు ప్రక్కకు పోవును.

మెట్‌ఫర్డు అను ఇంజనీరు మసి నిలువకుండ లోతు తక్కువై, అంచులు గుండ్రనైన గాడులను కల్పించెను. 1888లో అంగీకరింపబడిన లీ-మెట్‌ఫర్డు రైఫిలులో అట్టివి ఏడు. ఇంతలో పొగలేని కార్డైటు వచ్చెను. మసి తగ్గెను గాని దాని వేడిమికి ఆ లోతులేని గాడులు త్వరగా కరగిపోయెను. 1895లో ఎన్‌ఫీల్డు కర్మాగారపు లోతైన ఐదు గాడులు వాని స్థానము నాక్రమించెను.

లీ-ఎన్‌ఫీల్డు సిపాయికి ఇచ్చిన సాధనము త్రాడు. ఒక కొనను ఇత్తడి బరువు, మరియొక కొనను గుడ్డ దూర్చు ముడి. నాలుగంగుళముల పొడవు, రెండంగుళముల వెడల్పుగల ఫ్లానెల్ గుడ్డను అందు దూర్చి, బరువును వెనుకనుండి జారవిడిచి, మూతివైపునకు లాగవలెను. ఆ త్రాడును, ఇత్తడి నూనెబుడ్డియు తుపాకి మడమలోనే ఇమిడియుండును. రెండు మహాయుద్ధములలోను మన సిపాయీలు వాడినది దీనినే. మెత్తని త్రాడు ఉక్కునేమి చేయునని అనుకొందుము. ఇసుక అంటిన త్రాడును వంకరగా లాగిన, అదియు మూతిని కోయును! అందుచేతనే తిన్నగా లాగుమని శిక్షకులు పదేపదే చెప్పుచుండిరి.

ఇక ఒక చిక్కు మిగిలెను. కార్డైటు కాల్చిన గొట్టమునకు నూనె రాచినను మరునాటికి త్రుప్పు పట్టుచుండెను. దోషము తుపాకిమందుది కాదనియు, దానిని రగిలించు టోపీలోని పొటాసియము క్లోరేటుదనియు 1920 దశకములో అమెరికా పరిశోధకులు స్పష్టపరచిరి. అది కాలి, వంటయుప్పు వంటి లవణమగును. ఉప్పు నూనెలో కరగదు, నీటిలో కరగును. అందువలననే ముందు మరుగునీరు పోసి, పిదప ఆరతుడిచి, తుదకు నూనె రాయవలసివచ్చెను. మరుగునీరైనచో గొట్టము వేడెక్కి తానే త్వరగా ఆరును. తరువాత ఉప్పు మిగల్చని టోపీలు వచ్చుటతో ఈ శ్రమ తగ్గెను.

ఈ కథనుండి నేను గ్రహించిన నియమములు మూడు. వీలైనంతవరకు వెనుకనుండియే తుడువవలెను. ఏ సాధనమునకైనను ఇసుక అంటనీయరాదు. మలినమేదో తెలిసికొనిన పిదపనే మందును ఎన్నుకొనవలెను. పనిముట్టు చిన్నదే, కాని దానిని ఎన్నుకొనుటకు పట్టిన జ్ఞానము చిన్నది కాదు.