వంశాన్ని మోసిన తల్లులు

వంశం నిలబెట్టేది మగబిడ్డే అంటారు కదా మన పెద్దలు. జర్మనీ దేశపు వాయవ్యమూల, ఉత్తర సముద్రం ఒడ్డున ఉన్న తూర్పు ఫ్రీజియాను ఏలిన సిర్క్‌సేనా వంశం కథ వినండి. ఆ మాట ఎంతవరకు నిజమో మీరే తేల్చుకోవచ్చు.

ఆ సీమ పల్లపు నేల. కరకట్టలు కట్టుకొని సముద్రంతో పోరాడే అక్కడి రైతులు తమకు దొరలెవరూ లేరని గర్వంగా చెప్పుకొనేవారు. 14వ శతాబ్దం నాటికి బలమున్న కుటుంబాలు నాయకులై తమలో తాము కత్తులు దూసుకున్నాయి. వారిలో గ్రీట్‌జీల్ అనే రేవు ఊరి సిర్క్‌సేనాలు పైకి వచ్చారు. ఆ ఇంటి ఉల్రిక్, తమకు శత్రువైన ఫోకో ఉకేనా మనుమరాలు థేడాను పెళ్ళాడాడు. ఆ పెళ్ళితో పాత పగ చల్లారింది. 1464లో చక్రవర్తి అతనికి కౌంట్ బిరుదు ఇచ్చాడు.

రెండేళ్ళకే ఉల్రిక్ కన్నుమూశాడు. కొడుకు ఎడ్జార్డ్‌కు అప్పటికి నాలుగేళ్ళు. థేడా కుంగిపోలేదు. పిల్లలు ఎదిగేవరకు రాజ్యం తానే నడిపింది. ఆ ఎడ్జార్డే తరువాత 'మహా ఎడ్జార్డ్' అనిపించుకున్నాడు. ఆ పేరులో తల్లి వాటా ఎంతో చూశారా!

1540లో రెండవ ఎన్నో చనిపోయాడు. భార్య ఆన్నా పగ్గాలు పట్టింది. 1558లో ఆమె, తన ముగ్గురు కొడుకులూ కలిసి ఏలాలని నిర్ణయించింది. వారిలో పెద్దవాడు లూథర్ మతం, చిన్నవాడు కాల్విన్ మతం పట్టారు. ఇల్లు రెండైంది. 1595లో ఎమ్‌డెన్ నగరం తిరగబడి డచ్చివారి అండ చేరింది. తప్పంతా ఆన్నాదే అనేవారూ ఉంటారు. కాని అన్నదమ్ములు సర్దుకొని ఉంటే ఆ మాట వచ్చేదా?

1654లో వంశానికి ప్రిన్స్ హోదా దక్కింది. 1665లో గేయోర్గ్ క్రిస్టియాన్ పోయేనాటికి భార్య క్రిస్టీనె షార్లొటె గర్భిణి. పుట్టిన కొడుకు పెద్దవాడయ్యేదాకా, 1690 వరకు, ఆమే ఏలింది. కాస్త మొండిమనిషే లెండి. ప్రజాప్రతినిధుల సభతో పన్నుల తగాదాలు ఆమె హయాంలో బాగా ముదిరాయి.

1717 క్రిస్మస్ రాత్రి కరకట్టలు తెగి వేలమంది కొట్టుకుపోయారు. గట్లు బాగుచేయడానికి డబ్బు లేదు, అప్పులు పెరిగాయి. పన్నుల తగవు 1726లో అంతర్యుద్ధమే అయింది. చివరికి 1744లో కార్ల్ ఎడ్జార్డ్ 27 ఏళ్ళకే, వారసుడు లేకుండా మరణించాడు. ప్రష్యారాజు ఫ్రెడరిక్ వెంటనే ఆ సీమను కలిపేసుకున్నాడు. ఒక్క యుద్ధమైనా జరగలేదు.

280 ఏళ్ళ పాలన అలా ముగిసింది. మగబిడ్డ లేక వంశం అంతరించిందని చరిత్ర రాస్తుంది. నిజమే. కాని అంతకుముందు మూడుసార్లు ఆ వంశం కూలిపోకుండా భుజం పెట్టింది ముగ్గురు తల్లులు. ఆ ముగ్గురూ పుట్టింది వేరే ఇళ్ళల్లో!