నీటి అడుగున ఊపిరి – రెగ్యులేటర్ కథ

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఏదైనా వ్రాయమని సంపాదకులు అడిగారు. రాజుల గురించి, కోటల గురించి వ్రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. విశాఖపట్నంలో స్టోర్సు సెక్షన్ గుమాస్తాగా పనిచేసిన నేను, నా స్టాకు రిజిస్టరులో ఒక పద్దుగా ఉన్న వస్తువు చరిత్ర వ్రాస్తాను. దాని పేరు రెగ్యులేటర్. సముద్రంలో మునిగి పనిచేసే డైవరు నోట కరచుకునేది అదే.

డైవరు వీపున ఉండే సిలిండరులో గాలి సుమారు 200 బార్ల ఒత్తిడిలో ఉంటుంది. కారు టైరులో ఉండేది రెండు బార్ల పైచిలుకు మాత్రమే. పైగా నీటిలో పది మీటర్లు దిగేసరికి చుట్టూ ఒత్తిడి రెట్టింపవుతుంది. పీల్చే గాలి కూడా అందుకు సరిపోవాలి. ఈ లెక్క ప్రతి శ్వాసకూ సరిచూసేవి ఒక పలుచని రబ్బరు పొర, చిన్న వాల్వులు.

దీని పుట్టిల్లు ఫ్రాన్సు. గనుల్లో విషవాయువు చేరినప్పుడు పనివారిని కాపాడేందుకు బెన్వా రుకెరోల్ అనే ఇంజనీరు 1860లో ఒక సాధనానికి పేటెంటు తీసుకున్నాడు. నౌకాదళ లెఫ్టినెంటు ఒగుస్త్ దెనెరూజ్‌తో కలిసి 1864లో దానిని నీటి పనికి అనువుగా మార్చాడు. ఆ తరువాత చెప్పుకోదగిన మలుపు రెండవ ప్రపంచ యుద్ధంలో వచ్చింది. జర్మన్ల ఆక్రమణలో పెట్రోలు కరువై, కార్లను గ్యాసుతో నడపటానికి ఎమిల్ గాన్యాన్ అనే ఇంజనీరు ఒక వాల్వు తయారుచేశాడు. నౌకాదళ అధికారి జాక్ కూస్తో ఆయనను కలిశాడు. కూస్తో మామగారు గాన్యాన్ పనిచేసే కంపెనీలోనే పెద్ద హోదాలో ఉండేవారు. సిఫార్సు ఏ దేశంలోనైనా సిఫార్సే! 1943 జనవరిలో మార్న్ నదిలో పరీక్షిస్తే, పడుకుని ఈదినప్పుడు బాగానే ఉంది. నిలబడితే గాలి వృథాగా పోయింది, తలక్రిందులైతే అందలేదు. విడిచిన గాలి పోయే దారి, రబ్బరు పొర వేర్వేరు ఎత్తుల్లో ఉండటమే కారణం. రెండింటినీ ఒకచోటికి చేర్చగానే సమస్య తీరింది. 1952లో మెల్బోర్న్‌లో టెడ్ ఎల్డ్రెడ్ ఒకే గొట్టంతో చేసిన ‘పోర్పాయిస్’ వచ్చింది. నేటికీ వాడుకలో ఉన్నది ఆ తరహాయే.

మా డైవర్లు దానిని కడిగే తీరు చూడవలసిందే. సిలిండరు నుంచి విప్పగానే మూత లోపలి తడి తుడిచి, పై భాగానికి బిగించేవారు. తరువాతే మంచినీటి బకెట్టులో నానబెట్టాలి. నానేటప్పుడు నోటి భాగం మధ్యనున్న బొత్తాం నొక్కకూడదు. నొక్కితే వాల్వు తెరుచుకుని నీరు గొట్టంలోంచి పైదాకా ఎక్కుతుంది. ఉప్పు ఎండి స్ఫటికమైతే వాల్వును కొరికేస్తుంది, ఇత్తడికి చిలుము పడుతుంది. చింతపండుతో తోముదామా అని మా అటెండరు అడిగాడు. బిందె అయితే అలాగే తోమవచ్చు, దీనికి క్రోమియం పూత ఉంటుంది. కొబ్బరినూనె, మిషను నూనె అసలే పనికిరావు. మిషను నూనె రబ్బరును పాడుచేస్తుంది, ఆక్సిజన్ ఎక్కువున్న చోట ఏ నూనె అయినా నిప్పంటుకోవచ్చు. సిలికాన్ గ్రీజు, అదీ చిటికెడు. ఆరబెట్టడం నీడలోనే. గాలి లోపలికి వచ్చేచోట చిన్న లోహపు ఫిల్టరు ఉంటుంది. అది పచ్చబడితే ఉప్పునీరు చొరబడినట్లు, ఎర్రబడితే సిలిండరు లోపల త్రుప్పు పట్టినట్లు. అండమాన్ వెళ్ళి డైవింగు చేస్తున్న మన మనుమలు, మనుమరాళ్ళు అద్దె సామాను తీసుకునేముందు ఆ ఫిల్టరు చూపించమని అడగడం మంచిది.

ఎంత కడిగినా, తయారీదారు చెప్పిన గడువులో, సాధారణంగా ఏడాదికో రెండేళ్ళకో, విప్పించి రింగులు మార్పించాలి. చిక్కు అక్కడే వచ్చింది. 1980ల చివర మా కార్యాలయంలో సర్వీసింగు ఖర్చుకు నోటు పెడితే, పై కార్యాలయం నుంచి కొర్రీతో తిరిగి వచ్చింది. వస్తువు పనిచేస్తున్నదని సర్టిఫికెట్ ఇస్తూనే మరమ్మతు ఎందుకు అని ప్రశ్న. ‘ఇది పనిచేయడం మానే సమయానికి డైవరు నీటిలో ఉంటాడు’ అని నేను జవాబు వ్రాశాను. ఫైలు నాలుగు నెలలు తిరిగింది. అన్నాళ్ళూ మా పెద్ద డైవరు ఆ రెగ్యులేటరుతో దిగనని, “క్షమించండి సార్, ఇంట్లో పిల్లలున్నారు” అని చెబుతూనే వచ్చాడు. చివరకు శాంక్షను వచ్చింది. విప్పి చూస్తే ఫిల్టరు ఆకుపచ్చగా ఉంది, ఒక రింగు పగుళ్ళిచ్చింది. పాతవాటిని కవరులో పెట్టి ఫైలుకు జతచేసి పై కార్యాలయానికి పంపాను. మరుసటి ఏడాది నుంచి ఆ పద్దు మీద కొర్రీ రాలేదు.