కారులో కుంపటి

మోటారు బండికీ తెలుగు పండితునికీ ఏమి సంబంధమని మిత్రులు అడగవచ్చు. పాత వస్తువును పారవేయక నిలబెట్టుకొనే విద్య ఎక్కడ కనిపించినా అది నాకు సంబంధించిన విషయమే. చలిదేశపు పాత కార్లలో హీటర్ కోర్ అనే చిన్న ఇత్తడి భాగం ఒకటి ఉంటుంది. నిప్పులేని కుంపటి అది. దాని చరిత్రనూ, కారితే బాగుచేసే తీరునూ ఈ టపాలో చెబుతాను.

మొదట ఒక మాట చరిత్ర. 1893లో షికాగోకు చెందిన మార్గరెట్ విల్కాక్స్ అనే మహిళ 'కార్ హీటర్' పేరుతో పేటెంటు పొందింది. మోటారుకారుకు హీటరు కనిపెట్టింది ఆమేనని పలుచోట్ల రాస్తూ ఉంటారు. కాని డ్యురియా సోదరులు మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డులో తమ మోటారు బండిని తొలిసారి వీధిలోకి తెచ్చింది కూడా ఆ 1893లోనే. అంటే అప్పటికి అమెరికాలో మోటారుకారు లేనట్టే. ఆనాటి అమెరికా వాడుకలో 'కార్' అంటే ముఖ్యంగా రైలుపెట్టె. అర్థం మారిన మాటను నేటి అర్థంతో చదివితే ఇటువంటి చిక్కులే వస్తాయి. కావ్యాలకు పాత టీకలు చూసేవారికి ఇది కొత్త సంగతి కాదు.

తొలినాటి కార్లు చాలావరకు పైకప్పులేనివి. చలికాలంలో ప్రయాణించేవారు ఉన్ని దుప్పట్లు కప్పుకొని, కాచిన ఇటుకనో బొగ్గుల పెట్టెనో కాళ్ళ దగ్గర పెట్టుకొనేవారు. 1920లలో తలుపులు, అద్దాలు గల మూతబండ్లు వ్యాపించిన తరువాతనే లోపలి గాలిని వెచ్చబెట్టాలన్న ఆలోచనకు బలం వచ్చింది. ముందుగా ఇంజను పొగగొట్టం చుట్టూ గాలిని తిప్పి లోపలికి పంపారు. వేడి త్వరగానే వచ్చేది. అయితే గొట్టానికి చిన్న పగులు పడినా కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఆ గాలితోపాటే లోపలికి చేరేది. దానికి రంగు లేదు, వాసన లేదు.

నిరపాయమైన మార్గం ఇంజనును చల్లబరిచే నీటిలో దొరికింది. ఇంధనం ఇచ్చే వేడిలో, స్థూలంగా చెప్పాలంటే, మూడోవంతు కూడా చక్రాలను తిప్పడానికి పనికిరాదు. మిగిలినది పొగతోనూ, శీతలజలంతోనూ వృథాగా పోతుంది. ఆ నీటిని చల్లార్చేది రేడియేటరు. విల్‌హెల్మ్ మైబాఖ్ 1900-01 నాటి మెర్సిడెస్ కారుకు తేనెపట్టు వంటి రేడియేటరు కూర్చాడు. అందులో ఆరేసి మిల్లీమీటర్ల చదరపు గొట్టాలు 8,070 ఉండేవి. హీటర్ కోర్ ఆ వంశంలో పుట్టిన చిన్న తమ్ముడే. ఇంజనులో కాగిన నీరు ఒక గొట్టంలో లోపలికి వచ్చి, సన్నని ఇత్తడి నాళాలలో తిరిగి, మరొక గొట్టంలో వెనక్కి పోతుంది. నాళాల నడుమ పలుచని రాగిరేకులు ఉంటాయి. వాటి మీదుగా చిన్న పంకా గాలిని తోలితే వెచ్చని గాలి వస్తుంది.

1930లలో ఈ వేడినీటి హీటర్లు వ్యాపించాయి. 1938లో నాష్ సంస్థ బయటి స్వచ్ఛమైన గాలిని వడగట్టి, వేడిచేసి లోపలికి పంపే పద్ధతి తెచ్చింది. మరుసటి ఏడు దానికి ఉష్ణోగ్రతను అదుపుచేసే సాధనం జోడించి 'వెదర్ ఐ' అన్నారు. 1968 జనవరి 1 నుంచి అమెరికాలో కొత్త కార్లకు ముందు అద్దం మీది మంచును, ఆవిరిని తొలగించే ఏర్పాటు తప్పనిసరి అయింది. విలాసంగా వచ్చినది దారి కనిపించడానికి అవసరమైన సాధనమైంది. ఫోక్స్‌వాగన్ బీటిల్ మాత్రం ఈ వంశానికి బయటిది. దాని ఇంజను గాలితో చల్లబడుతుంది. నీరే లేనప్పుడు హీటర్ కోర్ ఎక్కడిది? అది చివరిదాకా పొగగొట్టపు వేడినే వాడుకుంది.

మా కోస్తాలో ఇంజనును చల్లార్చడమే చింత, మనిషిని వెచ్చబెట్టడం కాదు. అందుచేత హీటర్ కోర్‌ను నేను మొదటిసారి చూసింది అబ్బాయి దగ్గరకు వెళ్ళినప్పుడు, మిషిగన్‌లో. పక్కింటి పెద్దాయన దగ్గర 1960ల నాటి కారు ఒకటి ఉంది. అందులో తియ్యని వాసన, అద్దం లోపలివైపు జిడ్డు ఆవిరి, కాళ్ళ కింద తివాచీ తడి. ఈ మూడూ కలిస్తే హీటర్ కోర్ కారుతున్నట్టేనని ఆయన చెప్పారు. ఆ వాసన నీరు గడ్డకట్టకుండా కలిపే ఇథిలీన్ గ్లైకాల్‌ది. రుచికి తియ్యన, కడుపులో పడితే విషం. అందుకే ఇంజను పూర్తిగా చల్లారాక ఆ నీటిని పళ్ళెంలోకి దించి, కుక్కలకు అందని చోట మూతపెట్టారు.

తరువాత ఇంజనుకూ లోపలి భాగానికీ మధ్యనున్న రేకుగోడ దగ్గర రెండు రబ్బరు గొట్టాలు విప్పారు. ఏది ఎక్కడిదో చీటీలు కట్టారు. పాతబడి అంటుకుపోయిన గొట్టాన్ని గుంజలేదు, నిలువునా చీల్చి తీశారు. గుంజితే కోర్ మూతి ఊడివస్తుందట. పంకా తీగ, మీటల తీగలు వదులు చేసి, పెట్టెను కిందికి దింపి, లోపలి కోర్‌ను బయటికి తీశారు. ఒక మూతి మూసి, రెండవ మూతినుంచి మెల్లగా గాలి కొట్టి నీళ్ళలో ముంచితే బుడగలు ఒకే చోటినుంచి వచ్చాయి. రేడియేటరు మూత తట్టుకొనే ఒత్తిడికి మించి గాలి కొట్టరాదు.

ఆ చోటును తీగబ్రష్షుతో మెరిసేదాకా తోమి, ద్రావకం పూసి, కాల్చిన కడ్డీతో తగరం-సీసం కరిగించి పోశారు. అప్పుడు మన వీధులలో 'బిందెలకు మాట్లు వేస్తాం' అన్న కేక గుర్తుకు వచ్చింది. పని అదే. మనం మాటు అన్నాం, టంకం అన్నాం.

ఈ విద్య కిటుకు అంకెలలో ఉంది. రాగి 1085 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర కరుగుతుంది. 63 పాళ్ళ తగరం, 37 పాళ్ళ సీసం కలిసిన టంకం 183 డిగ్రీలకే కరుగుతుంది. ఇంజను నీటి వేడి సాధారణంగా 90 డిగ్రీల దరిదాపు. కనుక నీటికి అతుకు చెక్కుచెదరదు, మాటు వేసే వేడికి నాళం చెడదు. ఒక నాళం పూర్తిగా పాడైతే దాని రెండు కొసలూ మూసివేసి మిగిలినవాటితో పని నడిపించవచ్చు.

తరువాతి కాలపు కోర్‌లు ఎక్కువగా అల్యూమినియం నాళాలు, ప్లాస్టిక్ మూతలు. తేలిక, చవక. సీసం విషమన్న మాటా నిజమే. అయితే గాలి తగలగానే అల్యూమినియం మీద ఏర్పడే పొర మామూలు టంకాన్ని అంటనివ్వదు. కారితే పారవేసి కొత్తది కొనాలి. వస్తువును తయారుచేసేటప్పుడే దానిని మళ్ళీ విప్పవచ్చా లేదా అన్నది తేలిపోతుంది. పాత కోర్ చేసినవాడు తరువాత వచ్చే మాటువేసే చేతికి కూడా చోటు వదిలాడు. ఆ చోటు లేనప్పుడు చేతిలో విద్య ఎంత ఉన్నా నిరుపయోగమే.

ఈ పనికి మీ ప్రాంతంలో మాటు, టంకం కాక వేరే మాట ఏదైనా వాడుకలో ఉంటే దయచేసి తెలియజేయగలరు. పని పోయినా మాటనైనా దాచుకుందాం.