ఇసుకలో అ ఆలు: రెండు వందల ఏళ్ళ కిందటి ఒకటో తరగతి

ఐదేళ్ళ పిల్లోడు కొత్తగా బడికి పోతాడు. ఆ మొదటి ఏడాదిలో వాడికి చదువు ఎట్లా అబ్బుతుంది? ఈ ఎపిసోడ్‌లో ఈ ప్రశ్నకు జవాబు 1823 నాటి ఒక రిపోర్టులో వెతుకుదాం.

ముందు థామస్ మన్రో గురించి చెప్పాలి. మద్రాసు గవర్నరుగా దత్త మండలాల్లో తిరుగుతూ, 1827 జూలై 6న కలరాతో ఆయన కన్నుమూసింది మన పత్తికొండలోనే. అంతకు ఐదేళ్ళ ముందు, 1822 జూన్‌లో, కలెక్టర్లందరినీ ఆయన ఒక లెక్క అడిగాడు. ఊళ్ళల్లో బళ్ళెన్ని, పిల్లలెందరు, ఏం చెప్తున్నారు అని. అప్పటికి పత్తికొండ బళ్ళారి జిల్లాలో ఉండేది. కర్నూలులో కలిసింది 1858లో. అందుకే మన ప్రాంతం సంగతి బళ్ళారి కలెక్టరు క్యాంప్‌బెల్ రిపోర్టులో దొరుకుతుంది. 1816లో తెలుగు వ్యాకరణాన్ని ఇంగ్లీషులో అచ్చేయించినాయనే ఈయన.

లెక్క ఇదీ: 533 బళ్ళు, 6,641 మంది పిల్లలు. అంటే బడికి పన్నెండు మంది చొప్పున. తెలుగు బళ్ళు 226, కన్నడం బళ్ళు 235. ఆడపిల్లలు మాత్రం మొత్తం జిల్లాలో 60 మందే. ఈ ఒక్క అంకె చాలు, ఆ కాలాన్ని స్వర్ణయుగం అనకుండా ఉండడానికి.

ఇక మొదటి ఏడాది సంగతి. ఐదో ఏట ఇంట్లో వినాయకుడి ముందు కూర్చోబెట్టి, బియ్యంలో వేలితో దిద్దించేవాళ్ళు. మర్నాటి నుంచి బడి, అదీ పొద్దున ఆరింటికే. మొదట వచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవాళ్ళు, రెండోవాడికి సున్న. మూడోవాడికి ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, అట్లా పెరుగుతూ పోయేవి. చదవని పిల్లల్ని చేతులు కట్టి దూలానికి వేలాడదీసిన బళ్ళూ ఉన్నాయి.

క్యాంప్‌బెల్‌ని ఆకట్టుకున్న విషయం వేరే. అక్షరాన్ని ముందు నోటితో వల్లె వేయించేవాళ్ళు కాదు, ఇసుకలో వేలితో రాయించేవాళ్ళు. వేలు తిరిగాకే తాటాకు, గంటం. ఇసుకలో తప్పు రాస్తే చెరిపేయొచ్చు, ఖర్చు లేదు, భయం లేదు. చిన్నపిల్లలకు అక్షరం చేతి కదలికతోనే బాగా గుర్తుంటుందని ఇప్పటి పరిశోధకులూ అంటున్నారు.

రెండోది, పెద్ద పిల్లలు చిన్నపిల్లలకు చెప్పడం. చిన్నోడికి అక్షరం వచ్చేది, పెద్దోడికి తనకొచ్చింది గట్టిపడేది. ఇట్లాంటి పద్ధతినే మద్రాసులో చూసి, అనాథ పిల్లల బడిలో పెట్టి, 1797లో లండన్‌లో పుస్తకం వేశాడు ఆండ్రూ బెల్. ఇంగ్లండు బళ్ళల్లో అది ‘మద్రాసు పద్ధతి’గా పాకింది.

మరి లోపం ఎక్కడ? పుస్తకాల్లో. పిల్లలు బట్టీ పట్టే పద్యాల భాష వాళ్ళు ఇంట్లో మాట్లాడేది కాదు. చాలాచోట్ల అయ్యవారికే అర్థం తెలియదు. చెయ్యి నేర్చింది, నోరు నేర్చింది, అర్థం మాత్రం అందలేదు. ఇంట్లో తెలుగు, బళ్ళో అర్థంకాని ఇంగ్లీషు రైమ్స్ అయితే ఇప్పుడైనా జరిగేది అదే కదా?

నన్ను ఎక్కువ కదిలించింది ఆ రిపోర్టులోని ఇంకో మాట. బళ్ళు తగ్గిపోవడానికి కారణం పేదరికమని ఆ కలెక్టరే రాశాడు. సీమ సరుకు వచ్చి ఇక్కడి నేతపని దెబ్బతింది. నెలకు పావలా నుంచి అర్ధరూపాయి జీతం కట్టలేక, లేత చేతులు పనికి రాగానే పిల్లల్ని మాన్పించేవాళ్ళు. ఆ 533 బళ్ళల్లో ఒక్కదానికీ సర్కారు సాయం లేదని సిగ్గుపడుతూ ఒప్పుకున్నాడు.

ఇప్పుడు సర్కారు బడి ఉంది, ఫీజు లేదు. కానీ వానలు మొహం చాటేసిన ఏడు మన పశ్చిమ మండలాల జనం మిరప కోతలకు గుంటూరు వైపు వలస పోతారు, పిల్లల్నీ వెంట తీసుకుపోతారు. వాళ్ళ కోసం సీజనల్ హాస్టళ్ళు పెట్టారు నిజమే. కానీ ఐదేళ్ళ బిడ్డను అమ్మ హాస్టల్లో వదిలి పోగలదా? పెద్ద క్లాసు పిల్లలు నాలుగు నెలల పాఠం తర్వాత అందుకోవచ్చు. అప్పుడప్పుడే అక్షరం దిద్దుతున్న చెయ్యి ఆగిపోతే మళ్ళీ మొదటికే వస్తుంది.

అందుకే నేననేది, ఒకటో తరగతికి మంచి పద్ధతి ఒక్కటే చాలదు. ఇసుక మనకు ఎప్పుడూ ఉంది. బిడ్డ ఏడాదంతా దాని ముందు కూర్చోగలిగేట్టు ఊళ్ళోనే పని ఉండాలి.

మీ ఇంట్లో ఇసుకలో దిద్దిన అవ్వాతాతలుంటే, వాళ్ళకు ఎవరు దిద్దించారో ఒకసారి అడగండి. మళ్ళీ కలుద్దాం.