46 ఏళ్ళ బ్యాక్‌లాగ్: జైలునే యూనివర్సిటీ చేసుకున్న రాబెన్ ఐలాండ్ ఖైదీల కథ

ఈ ఎపిసోడ్ ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. మీ బ్యాచ్‌లో అందరికంటే ఎక్కువ ఏళ్ళు బ్యాక్‌లాగ్ మోసినవాళ్ళు ఎవరు? నాలుగేళ్ళ బీటెక్‌ని ఆరేళ్ళు, ఏడేళ్ళు చేసినవాళ్ళు ప్రతి కాలేజీలోనూ ఉంటారు. కానీ ఒకాయన 1943లో లా డిగ్రీలో చేరి, 1989లో పాసయ్యారు. అక్షరాలా 46 ఏళ్ళు. ఆయన పేరు నెల్సన్ మండేలా.

మండేలా జోహన్నెస్‌బర్గ్‌లోని విట్‌వాటర్స్‌రాండ్ యూనివర్సిటీలో ఎల్‌ఎల్‌బీలో చేరారు. ఫైనల్ ఇయర్ దాటలేక, డిగ్రీ లేకుండానే బయటికొచ్చారు. అప్పటి రూల్స్ ప్రకారం వేరే పరీక్ష పాసైతే అటార్నీగా ప్రాక్టీస్ చేసుకోవచ్చు కాబట్టి, 1952లో ఆలివర్ టాంబోతో కలిసి లా ఆఫీసు పెట్టారు. డిగ్రీ మాత్రం అలాగే పెండింగ్‌లో ఉండిపోయింది. ఆ పెండింగ్ జైల్లో క్లియర్ అయింది.

ఇక్కడితో ఆపేస్తే ఇదొక మోటివేషనల్ రీల్ అయిపోతుంది. "చూసారా, జైల్లో ఉండి కూడా చదివాడు, నీకేం రోగం?" అని. అసలు కథ అది కాదు. ఆ జైల్లో చదువుకి ఒక స్విచ్ ఉండేది. ఆ స్విచ్ ప్రభుత్వం చేతిలో ఉండేది. ఆ స్విచ్ ఎప్పుడైనా ఆఫ్ అవుతుందని తెలిసి కూడా ఖైదీలు ఎలా చదివారు, ఒకరికొకరు ఎలా చదువు చెప్పుకున్నారు అన్నదే ఈరోజు మన టాపిక్.

ముందు బయట పరిస్థితి ఏంటో చూద్దాం. దక్షిణాఫ్రికాలో అపార్థైడ్, అంటే చర్మం రంగుని బట్టి మనుషుల్ని చట్టప్రకారం విడగొట్టే ప్రభుత్వం. 1953లో బంటూ ఎడ్యుకేషన్ యాక్ట్ వచ్చింది. నల్లజాతి పిల్లలకి వేరే స్కూళ్ళు, వేరే సిలబస్. తెల్లవాళ్ళ కింద కూలి పని చేయడానికి ఎంత కావాలో అంత చదువు చాలు అన్నది దాని వెనకున్న ఆలోచన. 1959లో ఇంకో చట్టం తెచ్చి, అప్పటిదాకా అందర్నీ చేర్చుకునే యూనివర్సిటీల తలుపులు కూడా దాదాపు మూసేసారు. అంటే ఏ తప్పూ చేయని కుర్రాడికి బయటే చదువు దొరకడం కష్టం.

ఇప్పుడు జైలుకి వద్దాం. కేప్‌టౌన్‌కి ఎదురుగా సముద్రంలో ఉన్న చిన్న దీవి రాబెన్ ఐలాండ్. 1964 జూన్ 12న మండేలా, వాల్టర్ సిసులు, అహ్మద్ కత్రాడా ఇంకా కొంతమందికి యావజ్జీవ శిక్ష పడింది. వాళ్ళతో శిక్ష పడిన ఒక్క తెల్లజాతి నిందితుడిని ప్రిటోరియాలోనే ఉంచారు, మిగతావాళ్ళని ఈ దీవికి తెచ్చారు. జైల్లో ఏ, బీ, సీ, డీ అని గ్రేడ్లు. రాజకీయ ఖైదీలకి మొదట అన్నిటికంటే కింద ఉండే డీ గ్రేడే. ఆరు నెలలకి ఒక ఉత్తరం, ఒక ములాఖత్. పగలంతా రాళ్ళు కొట్టడం, 1965 నుంచి సున్నపురాయి క్వారీలో తవ్వకం. ఆరు నెలలే అని చెప్పి మొదలుపెట్టిన ఆ క్వారీ పని 13 ఏళ్ళు సాగింది. తెల్లటి రాయి మీద ఎండ పడి, ఆ వెలుగుకి మండేలా కళ్ళు దెబ్బతిన్నాయి.

అలాంటి చోట చదువుకి పర్మిషన్ ఇచ్చారు. కరెస్పాండెన్స్‌లో, అంటే పోస్టులో. స్కూల్ చదువు పూర్తికానివాళ్ళు మెట్రిక్‌కి కట్టొచ్చు, డిగ్రీ కావాలంటే యూనిసా. యూనిసా అంటే యూనివర్సిటీ ఆఫ్ సౌత్ ఆఫ్రికా. 1946 నుంచే పోస్టు ద్వారా పాఠాలు చెప్తున్న యూనివర్సిటీ. మండేలాకైతే లండన్ యూనివర్సిటీ ఎల్‌ఎల్‌బీ చదవడానికి కూడా అనుమతి దొరికింది.

కానీ టర్మ్స్ అండ్ కండిషన్స్ చూడండి. ఫీజు మీ డబ్బే, ఇంటివాళ్ళు పంపాలి, లేదా బయట ఎవరైనా సాయం చేయాలి. పుస్తకాలు సెన్సార్ అయ్యాకే చేతికొస్తాయి, కొన్నిసార్లు నెలలు ఆలస్యంగా. రాజకీయాలు, యుద్ధాల వాసన ఉన్న పుస్తకాలు రావు. టైటిల్‌లో 'రెడ్' అనే మాటుంటే చిన్నపిల్లల కథ లిటిల్ రెడ్ రైడింగ్ హుడ్ అయినా ఆపేసేవాళ్ళని మండేలా తన ఆత్మకథలో వెటకారంగా రాసారు. అన్నిటికంటే ముఖ్యమైన కండిషన్ ఇంకోటుంది. మీ పుస్తకం పక్క ఖైదీకి ఇవ్వకూడదు. పర్మిషన్ ఉన్నవాడే చదవాలి.

సెల్‌లో గోడకి ఛాతీ ఎత్తులో ఒక పలక బిగించారు, అదే డెస్క్. కుర్చీ లేదు. పొద్దంతా క్వారీలో పనిచేసొచ్చి, రాత్రి నిలబడి చదవాలి. కత్రాడా ఫిర్యాదు చేసాకే పలకలు కిందికి దించి స్టూళ్ళు ఇచ్చారు. మెట్రిక్ చదివేవాళ్ళు రాత్రి పదిదాకా, డిగ్రీవాళ్ళు పదకొండుదాకా మేలుకోవచ్చు. సెల్‌లో బల్బు ఎలాగూ రాత్రంతా వెలుగుతూనే ఉండేది.

ఇక్కడొక సరదా విషయం చెప్పాలి. ఖైదీలకి న్యూస్‌పేపర్ నిషేధం, 1980దాకా. మాక్ మహారాజ్ అనే ఖైదీ ఎకనామిక్స్ చదువుతూ, సబ్జెక్టు కోసం ది ఎకనామిస్ట్ పత్రిక కావాలని అడిగారు. పేరు చూసి అదేదో ఎకనామిక్స్ జర్నల్ అనుకుని అధికారులు ఓకే చెప్పేసారు. ప్రపంచ వార్తలన్నీ ప్రతి వారం నేరుగా సెల్‌లోకి! అది వార్తాపత్రిక అని తెలిసిన రోజు, స్విచ్ ఆఫ్.

మరి "పక్కవాడికి పుస్తకం ఇవ్వకూడదు" అనే రూల్‌ని వీళ్ళేం చేసారు? పట్టించుకోలేదు. ఫీజు కట్టగలిగినవాడికి వచ్చిన పుస్తకం కట్టలేనివాడికీ చేరేది. క్వారీలో తవ్వుతూనే పాఠాలు నడిచేవి. నెవిల్ అలెగ్జాండర్ అనే ఖైదీకి అరెస్టుకి ముందే జర్మనీలోని ట్యూబింగెన్ యూనివర్సిటీ నుంచి పీహెచ్‌డీ ఉంది. అదే జైల్లో అక్షరం ముక్క రానివాళ్ళూ ఉన్నారు. వచ్చినవాళ్ళు రానివాళ్ళకి చెప్పాలి, అదే పద్ధతి. సిసులు తమ పార్టీ ఏఎన్‌సీ చరిత్ర మీద వరస లెక్చర్లు ఇచ్చేవారు. గుజరాత్ నుంచి వలసపోయిన కుటుంబంలో పుట్టిన కత్రాడా, దక్షిణాఫ్రికాలో భారతీయుల పోరాట చరిత్ర చెప్పేవారు. ఈ పాఠాలు రాసి, మిగతా ఖైదీలుండే సెక్షన్‌కి దొంగచాటుగా పంపేవాళ్ళు. ఆ జైలుకి 'యూనివర్సిటీ' అనే పేరు అలా వచ్చింది.

దీని ఫలితం ఎలా ఉంటుందో ఒక అబ్బాయి కథలో చూద్దాం. డిక్‌గాంగ్ మొసెనెకే. 1963లో అరెస్టయినప్పుడు వయసు 15. మన దగ్గర టెన్త్ చదివే వయసు. పదేళ్ళ శిక్ష, రాబెన్ ఐలాండ్. అక్కడే మెట్రిక్ పాసయ్యాడు, అక్కడే ఇంగ్లీష్, పొలిటికల్ సైన్స్‌తో బీఏ చేసాడు, లా చదువూ మొదలుపెట్టాడు. విడుదలయ్యాక అటార్నీ అవుదామంటే, జైలుకెళ్ళొచ్చినవాడివి కుదరదని లా సొసైటీ అడ్డుపడింది. కోర్టుకెళ్ళి గెలిచి లాయర్ అయ్యాడు. 1993 తాత్కాలిక రాజ్యాంగం రాసిన టెక్నికల్ కమిటీలో సభ్యుడయ్యాడు. 2005 నుంచి 2016 వరకు దక్షిణాఫ్రికా డిప్యూటీ చీఫ్ జస్టిస్. తర్వాత మండేలా వీలునామా అమలు చేసే బాధ్యత అప్పగించిన ముగ్గురిలో ఈయనా ఒకరు. ఏ చట్టం పదిహేనేళ్ళ పిల్లాడిని జైల్లో పెట్టిందో, ఆ చట్టం స్థానంలో కొత్తది రాయడానికి కావాల్సిన చదువు మొదలైంది ఆ జైల్లోనే.

ఇదే దీవిలో దీనికి రివర్స్‌లో ఉన్న కథ ఒకటుంది. రాబర్ట్ సొబుక్వే. యూనివర్సిటీలో ఆఫ్రికన్ భాషలు బోధించిన మనిషి. 1960లో మూడేళ్ళ శిక్ష పడింది. శిక్ష అయిపోయింది, కానీ ఆయన్ని వదిలితే ప్రమాదమని పార్లమెంట్ 1963లో ఏకంగా ఒక కొత్త చట్టం చేసి, ఏడాదికోసారి దాన్ని పొడిగిస్తూ ఆరేళ్ళు ఆ దీవిలోనే ఉంచింది. ఆయనకి సెల్ కాదు, ఒక ఇల్లు ఇచ్చారు. పుస్తకాలు ఇచ్చారు. లండన్ యూనివర్సిటీ నుంచి ఎకనామిక్స్ డిగ్రీ కూడా పూర్తిచేసారు. మిగతా ఖైదీలతో మాట్లాడటం మాత్రం నిషేధం. చదువుకో, కానీ ఎవరికీ చెప్పకు. ఆ ప్రభుత్వం భయపడింది దేనికో ఇక్కడ క్లియర్‌గా తెలుస్తుంది. ఒక మనిషి చేతిలో డిగ్రీ ఉంటే వాళ్ళకి ఇబ్బంది లేదు, ఆ మనిషి నలుగురితో కూర్చుంటేనే ఇబ్బంది.

ఇక స్విచ్ ఆఫ్ అయిన పెద్ద రోజుకి వద్దాం. 1976 ప్రాంతంలో మండేలా రాత్రుళ్ళు రహస్యంగా తన ఆత్మకథ రాసారు. మాక్ మహారాజ్ దాన్ని చీమల్లాంటి అక్షరాల్లో కాపీ చేసి, 1976 చివర్లో విడుదలైనప్పుడు బయటికి దాటించేసారు. ఒరిజినల్ కాగితాలని డబ్బాల్లో పెట్టి జైలు ఆవరణలోనే పాతిపెట్టారు. 1977లో అక్కడ గోడ కట్టడానికి తవ్వుతుంటే కొన్ని బయటపడ్డాయి. వాటి మీద మండేలా, సిసులు, కత్రాడా చేతిరాతలున్నాయి. ముగ్గురికీ శిక్ష ఏంటో తెలుసా? కొట్టలేదు, కొత్తగా జైలు ఏళ్ళు పెంచలేదు. చదువుకునే పర్మిషన్ రద్దు. నాలుగేళ్ళు.

ఒక ప్రభుత్వానికి మనిషిని బాధపెట్టడానికి ఇన్ని దారులుండగా, పుస్తకం లాక్కోవడమే పెద్ద శిక్షగా తోచింది. చదువు వాళ్ళ దృష్టిలో హక్కు కాదు, 'ప్రివిలేజ్'. ఇచ్చినట్టే ఉంటుంది, ఎప్పుడైనా వెనక్కి తీసుకుంటారు.

అయినా ముందుకెళ్ళారు. కత్రాడా బయట ఉన్నప్పుడు రాజకీయాల కోసం యూనివర్సిటీ వదిలేసిన మనిషి. జైల్లో ఆ నాలుగేళ్ళు పోయినా, 1989లో బయటికొచ్చేసరికి యూనిసా నుంచి నాలుగు డిగ్రీలున్నాయి. ఎడ్డీ డేనియల్స్ స్కూల్ కూడా పూర్తిచేయకుండా వచ్చి, 15 ఏళ్ళ తర్వాత బీఏ, బీకాంతో వెళ్ళారు. మండేలా లండన్ డిగ్రీ పూర్తవలేదు. కానీ 1981లో అదే లండన్ యూనివర్సిటీ ఛాన్సలర్ ఎన్నికలో జైల్లో ఉన్న ఆయన పేరు నిలబెడితే, ఏడువేల మందికి పైగా ఓటేసారు. గెలిచింది బ్రిటన్ యువరాణి ఆన్ అనుకోండి, అది వేరే విషయం. తర్వాత యూనిసాలో మళ్ళీ ఎల్‌ఎల్‌బీకి కట్టి, 1989లో, ఇంకా ఖైదీగానే ఉండగా పాసయ్యారు. తర్వాతి ఏడాది ఫిబ్రవరి 11న విడుదల, 1994లో ప్రెసిడెంట్.

"అది అపార్థైడ్ కాబట్టి అలా చేసింది, ప్రజాస్వామ్యంలో ఈ స్విచ్ ఉండదు" అనుకుంటున్నారా? మండేలా ప్రెసిడెంట్ అయిన అదే 1994లో అమెరికా ఒక క్రైమ్ చట్టం చేసింది. పేద విద్యార్థులకిచ్చే పెల్ గ్రాంట్ అనే ఫీజు సాయాన్ని ఖైదీలకి ఆపేసింది. డబ్బు ఆగేసరికి జైళ్ళలో నడిచే కాలేజీ ప్రోగ్రాములు చాలావరకు మూతపడ్డాయి. 2020 చివర్లో చట్టం మార్చారు, పూర్తిగా అమల్లోకి వచ్చింది 2023 జూలైలో. దాదాపు 29 ఏళ్ళు స్విచ్ ఆఫ్.

అప్పుడు అక్కడ వినపడిన వాదన మనకీ తెలిసిందే. "తప్పు చేసినవాడికి ఫ్రీ చదువా? మా నాన్న అప్పు చేసి నా ఫీజు కట్టాడు." ఈ కోపం అర్థమవుతుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ కోసం ఎదురుచూసిన ప్రతి ఒక్కరికీ అర్థమవుతుంది. పైగా రాబెన్ ఐలాండ్ రాజకీయ ఖైదీలు వేరు, దొంగతనం చేసి వెళ్ళినవాళ్ళు వేరు అని కూడా అనొచ్చు, అది నిజమే. కానీ ఖైదీ పుస్తకం లాక్కున్నందుకు మీ ఫీజు ఒక్క రూపాయి తగ్గదు. జైలుకెళ్ళినవాళ్ళలో ఎక్కువమంది ఏదో ఒక రోజు బయటికొచ్చి మన వీధిలోనే ఉంటారు. వాళ్ళు ఏం నేర్చుకుని రావాలి అన్నదే అసలు ప్రశ్న.

మన దగ్గర కూడా దీనికి దారులున్నాయి. దేశంలోనే మొదటి ఓపెన్ యూనివర్సిటీ 1982లో మన హైదరాబాద్‌లోనే మొదలైంది, ఇప్పుడు దాని పేరు డాక్టర్ బీఆర్ అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీ. ఇలాంటి ఓపెన్ యూనివర్సిటీల ద్వారా మన జైళ్ళలో కూడా ఖైదీలు డిగ్రీలు చేస్తున్నారు. మనమేమో ఇప్పటికీ "ఓహో, కరెస్పాండెన్సా?" అని ముఖం ఒకలా పెడతాం. ఒక డిప్యూటీ చీఫ్ జస్టిస్‌ని, ఒక ప్రెసిడెంట్‌ని తయారుచేసిన చదువు ఆ పోస్టు కవర్లలోనే వచ్చింది.

సర్టిఫికెట్ మీద ఒక్కరి పేరే ఉంటుంది. రాబెన్ ఐలాండ్ డిగ్రీల వెనక మాత్రం పుస్తకం దాచి ఇచ్చినవాళ్ళు, క్వారీలో లెక్కలు చెప్పినవాళ్ళు, ఫీజు పంపిన ఇంటివాళ్ళు చాలామంది ఉన్నారు. పర్మిషన్ తీసేస్తే పుస్తకం పోతుంది. పక్కవాడికి అప్పటికే చెప్పేసిన పాఠాన్ని మాత్రం ఏ వార్డరూ వెనక్కి తీసుకోలేడు.

మీ ఇంట్లో అమ్మో, బాబాయో, అక్కో పెళ్ళయ్యాక, ఉద్యోగం చేసుకుంటూ ఓపెన్ డిగ్రీ పూర్తిచేసారా? అయితే ఈ ఎపిసోడ్ వాళ్ళకి పంపండి, వాళ్ళ కథ కామెంట్స్‌లో రాయండి. మళ్ళీ ఇంకో కథతో కలుద్దాం. ఉంటాను.