కొలిమి లేని అగ్నిగుండాల

నల్లపాడు స్టేషన్ దాటగానే పట్టాలు రెండుగా చీలతాయి. ఒకటి సత్తెనపల్లి, నడికుడి వైపు, రెండోది పేరేచర్ల, నరసరావుపేట మీదుగా వినుకొండ, నంద్యాల వైపు. మా ఊరి గురించి రాయమంటే ఎవరైనా పత్తితోనో మిరపతోనో మొదలుపెడతారు. పల్నాటి మిరప టిక్కీల లారీలు మా ఊరి మీదుగానే గుంటూరు పోతాయి కాబట్టి అందులో తప్పేమీ లేదు. నాకు మాత్రం వినుకొండ బండి చూసినప్పుడల్లా ఆ దిక్కున ఉన్న సీసం కొండ గుర్తొస్తుంది. నల్లపాడు 2012లో గుంటూరు నగరంలో కలిసిపోయింది. 2022లో పల్నాడు వేరే జిల్లా అయ్యాక ఆ కొండలు కాగితం మీద మావి కాకుండా పోయాయి. కానీ ఒకప్పుడు అదంతా గుంటూరు జిల్లానే.

ఆ కొండల్లో అగ్నిగుండాల అని ఒక ఊరుంది. పేరు వింటేనే కొలిమి సెగ తగులుతుంది. ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉన్న బెంజమిన్ హేన్ అనే వైద్యుడు అక్కడి రాగి రాళ్ల గురించి రాసిన సంగతులు 1814లో లండన్‌లో పుస్తకంగా వచ్చాయి. పాతకాలం తవ్వకాల గుంటలు కూడా ఆ కొండల్లో ఉన్నాయి. స్వాతంత్ర్యం వచ్చాక భూగర్భశాఖ వాళ్లు మళ్లీ వెతికి, నల్లకొండలో రాగి, ధూకొండలో రాగీ సీసమూ కలిసి, బండ్లమోటులో సీసం ఉన్నాయని తేల్చారు. చివరికి పెద్దగా నడిచింది బండ్లమోటు గని. రోజుకు 240 టన్నుల రాయి తీసే స్థాయిది. దేశం మొత్తం లెక్కలో చిన్నదే. వానకోసం ఆకాశం వైపు చూసే మెట్ట పల్లెలకు మాత్రం నెల తిరిగేసరికి జీతం వచ్చే చోటంటే మాటలా?

గని దగ్గర రాయిని పిండి చేసి, నీళ్లలో నురగ పట్టించి, లోహమున్న పొడిని మాత్రం తేరుస్తారు. ఆ పొడి కరగాల్సిన కొలిమి వినుకొండలో పెట్టలేదు, విశాఖలో పెట్టారు. 1966లో ఏర్పడిన ప్రభుత్వ సంస్థ హిందుస్థాన్ జింక్ 1977లో విశాఖలో, గాజువాక దగ్గర మింది ప్రాంతంలో, ఏటా 30,000 టన్నుల జింకు తీసే కర్మాగారం మొదలుపెట్టింది. దాని పక్కనే సీసం కొలిమి కూడా వచ్చింది. రాయి మాది, కరిగించేది వాళ్లా అని నేనూ చాలాకాలం గొణుక్కున్నాను.

ఆ కొలిమి పని తీరు కొంత తెలిశాక గొణుగుడు తగ్గింది. జింకు ఖనిజంలో గంధకం ఉంటుంది. దాన్ని తొమ్మిది వందల డిగ్రీల పైన కాలిస్తే గంధకం పొగగా లేస్తుంది. ఆ పొగను పట్టి సల్ఫ్యూరిక్ ఆమ్లం చేస్తారు. కాలిన పొడిని పల్చటి ఆమ్లంలో కరిగించి, కరెంటు పంపి, అల్యూమినియం రేకుల మీద జింకును పేరుస్తారు. టన్ను జింకుకు ఈ ఒక్క మెట్టులోనే మూడు వేల యూనిట్ల పైన కరెంటు కావాలి. విశాఖ కొలిమికి జింకు పొడి బయటి నుంచే రావాల్సి వచ్చేది, అందులో విదేశాల నుంచి వచ్చేదీ ఉండేది. ఇలాంటి కొలిమి రేవునూ కరెంటునూ వెతుక్కుంటూ పోతుంది గానీ వినుకొండ దిక్కు కొండల్లోకి రాదు. ఆమ్లం కొనే ఎరువుల పరిశ్రమ కూడా అక్కడే ఉంది. కోరమాండల్ కర్మాగారం 1960ల్లోనే విశాఖలో వచ్చింది. మన మిరపచేలో చల్లే ఫాస్ఫేటు వెనుక సల్ఫ్యూరిక్ ఆమ్లం ఉంటుంది. పైరు ఆకు పాలిపోతే వేసే జింక్ సల్ఫేటు సరేసరి. రేకుల షెడ్డుకూ ముళ్లతీగకూ తుప్పు పట్టకుండా కాపలా కాసేదీ ఆ జింకే. మా ఊరి పాలిటెక్నిక్‌లో డిప్లొమా చదివే పిల్లలకు ఉద్యోగమంటే ఇప్పటికీ ముందు విశాఖే కనిపిస్తుంది.

గొణుగుడు పూర్తిగా మానిపించింది మాత్రం జాంబియాలోని కాబ్వే పట్టణం. అక్కడ గనీ కొలిమీ ఒకేచోట తొంభై ఏళ్లకు దగ్గరగా నడిచి 1994లో మూతపడ్డాయి. పొగతో పాటు ఊరి మట్టిలోకి దిగిన సీసం ఈరోజుకీ పిల్లల రక్తంలో తేలుతోంది. సీసం పసిపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. అదే కొలిమి నరసరావుపేట చెరువు పక్కన లేచి ఉంటే? జీతాలొచ్చేవి, నిజమే. మంచినీళ్ల మాటేమిటో!

బండ్లమోటు ఎక్కువకాలం నిలవలేదు. ఆ గనిని నడిపిన హిందుస్థాన్ జింక్‌ను 2002లో ప్రభుత్వం స్టెరిలైట్ చేతికి అప్పగించింది. ఆ కంపెనీ బలమంతా రాజస్థాన్ గనుల్లో ఉంది, కరిగింపూ అటే జరిగింది. మా గని ఆ రోజుల్లోనే ఆగిపోయింది, విశాఖ జింకు కొలిమి 2012లో చల్లారింది. అంటే గనిని పోగొట్టుకున్న పల్లె, కొలిమిని పోగొట్టుకున్న నగరం, రెండూ పదేళ్ల తేడాలో ఒకే బాట పట్టాయి.

సీసం మాత్రం గుంటూరును వదల్లేదు. సీసం బ్యాటరీలు చేసే అమరరాజా కుటుంబానికి చెందిన గల్లా జయదేవ్ 2014, 2019 ఎన్నికల్లో గెలిచి 2024 దాకా మా ఎంపీగా ఉండేవారు. గనితో ఆ కంపెనీకేం సంబంధం లేదు, నాకెందుకో ఆ రెండూ పక్కపక్కనే తడతాయి. దేశంలో ఇప్పుడు వాడే సీసంలో పెద్ద వాటా పాత బ్యాటరీలు కరిగించి తీసిందే. అందులో కొంత, అనుమతుల్లేని చిన్న కొలిముల్లో, ఊళ్ల చివర, రాత్రిపూట కరుగుతుంది. మొన్న మా ట్రాక్టరు బ్యాటరీ చచ్చిపోతే పాత ఇనుము కొనే అతను వచ్చి కాటాకు వేశాడు. ఎక్కడికి పోతుందయ్యా ఇది అని అడిగాను. డబ్బులు లెక్కపెట్టి చేతిలో పెట్టి, "మనకెందుకు బాబాయ్" అని బండి తోసుకుపోయాడు.